రాజరాజు రాజధానిలో వేకువ పరుగు

మా ఊరు చూడవచ్చిన చుట్టాలకు మేం చూపించే వరస ఒకటి వుండేది. పొద్దున్న గోదావరి స్నానం, అక్కణ్ణించి మార్కండేయస్వామి దర్శనం, మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చాక ధవళేశ్వరం ఆనకట్ట, సాయంత్రం గట్టుమీద చల్లగాలి. మర్నాడు వాళ్ళకు రైలు. కాని ఈ మధ్య వచ్చే చుట్టాలు ఈ వరసకు లొంగటం లేదు. పెట్టె కిందికి దించుతూనే, "పొద్దున్నే పరుగెత్తటానికి ఇక్కడ మంచి దారి ఎక్కడుంది, మావయ్యా?" అని అడుగుతున్నారు.

మొదట అడిగినవాడు మా చెల్లెలి కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం. కంపెనీవాళ్ళు పంపితే లండను వెళ్ళినా, వాషింగ్టను వెళ్ళినా, తెల్లవారకముందే బూట్లు కట్టుకుని ఊరంతా ఒక చుట్టు చుట్టి వస్తాడట. "బస్సు ఎక్కి చూసిన ఊరు కళ్ళకే తెలుస్తుంది. పరుగెత్తి చూసిన ఊరు కాళ్ళకు కూడా తెలుస్తుంది" అంటాడు. మా చెల్లెలు మాత్రం, "తరిమేవాళ్ళు లేకుండా పరుగేమిట్రా, ఎవరైనా చూస్తే అప్పులవాళ్ళనుకుంటారు!" అని నవ్వుతుంది.

నాకు పరుగు లేదు. చక్కెర జబ్బు వుంది గనుక డాక్టరుగారు రోజూ నడవమన్నారు, నడుస్తున్నాను. అంచేత మా వాడు పరుగెత్తాడు, నేను వెనకాల నడిచాను. దారులు మాత్రం ఇద్దరికీ ఒకటే. అలా తిరిగి చూసిన దారుల్లో పరాయి ఊరినుంచి వచ్చినవాళ్ళకు నచ్చేవి నాలుగు ఇక్కడ చెబుతున్నాను.

నేటి రాజధాని కృష్ణ ఒడ్డున వుంటే వుండవచ్చు గాని, మా ఊరు కూడా ఒకప్పుడు రాజధానే. పదకొండో శతాబ్దంలో తూర్పు చాళుక్యరాజు రాజరాజ నరేంద్రుడు ఇక్కడినుంచే ఏలాడు. నన్నయభట్టు భారతాన్ని తెలుగు చెయ్యటం మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. ఇంగ్లీషువాళ్ళ నోట రాజమండ్రి అయిన పేరును 2015 లో మళ్ళీ రాజమహేంద్రవరంగా దిద్దుకున్నాం. కోటలు పోయాయి, కొలువులు పోయాయి. రాజరాజు చూసిన వాటిలో మనకూ కనిపించేది గోదావరి ఒక్కటే. కాబట్టి ఈ రాజధానిని చూడాలంటే నదిని పట్టుకుని పోవటమే మార్గం.

పొద్దు ఎటునుంచి?

దారి ఎంచుకునే ముందు ఒక చిన్న సంగతి తెలుసుకోవాలి. మా ఊరు నదికి తూర్పు ఒడ్డున వుంది. అంటే పొద్దు మా వీపుల వెనక, ఊరి మిద్దెల మాటునుంచి లేస్తుంది. వేకువను రేవుల దగ్గర నిలబడితే మన మీద నీడ, ఎదుటి ఒడ్డున కొవ్వూరు మీద ఎండ! ఆ పొడి ఎండ నీళ్ళమీద మెల్లగా మన వైపు జరిగి వస్తుంటే చూడటం ఒక వేడుక. సాయంత్రం దీనికి తలకిందులు. పొద్దు నదికి అవతల దిగుతుంది గనుక రంగులు మనకే, కళ్ళలో పడే వెలుగూ మనకే. అంచేత పరుగుకు పొద్దున్న మా ఒడ్డు, కూర్చుని చూడటానికి సాయంత్రం మా ఒడ్డు. సాయంత్రమే పరుగెత్తుతానంటే కొవ్వూరు ఒడ్డు మేలు. అక్కడ పొద్దు వీపు వెనక వుంటుంది.

ఒకటి: రేవుల దారి

కొత్తవాళ్ళు ముందు పట్టవలసింది గోదావరి గట్టు రోడ్డు. పుష్కరాల రేవు, కోటిలింగాల రేవు, మార్కండేయ ఘట్టం, సరస్వతీ ఘట్టం, గౌతమీ ఘట్టం, ఇలా ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. కోటిలింగాల రేవును 2015 పుష్కరాలకు పెంచి కట్టారు. ఒక్క ఆ మెట్ల వరసే కిలోమీటరుకు పైగా సాగుతుంది. ఆ కొసనుంచి ఈ కొసకు రెండుసార్లు పోయివస్తే కొత్తగా పరుగు నేర్చేవాళ్ళకు ఆనాటికి చాలు.

అయిదు గంటలకల్లా ఇక్కడ ఊరు లేచి వుంటుంది. తడిబట్టలతో మెట్లెక్కే ముసలమ్మలు, వలలు సర్దుకునే జాలరులు, పూలబుట్టలు దింపుకునేవాళ్ళు, చేతులూపుకుంటూ రాజకీయాలు మాట్లాడుకునే పింఛనుదార్లు. వీళ్ళందరి మధ్యనుంచి పరుగెత్తేటప్పుడు ఒక మర్యాద వుంది. మెట్లమీద పరుగు పనికిరాదు. స్నానం చేసి వచ్చినవాళ్ళ తడికాళ్ళతో రాళ్ళు జారుతుంటాయి. పైగా కిందినుంచి వచ్చే పెద్దవాళ్ళు తట్టుకోలేరు. పరుగు గట్టుమీద, నడక మెట్లమీద.

ఊపిరి తిరిగాక కాస్త ఊళ్ళోకి మళ్ళితే చరిత్ర కూడా కలిసి వస్తుంది. ప్రభుత్వ ఆర్ట్సు కళాశాల 1853 నాటిది. కందుకూరి వీరేశలింగంగారు కట్టించిన టౌనుహాలు 1890 నాటిది. ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది కూడా ఈ ఊళ్ళోనే, 1881 డిసెంబరు 11 న. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925 లో పోయిన దామెర్ల రామారావుగారి బొమ్మలు ఆయన పేరిట వున్న చిత్రశాలలో వున్నాయి. పరుగు వేళకు అది తెరిచి వుండదు. స్నానం, ఫలహారం అయ్యాక మళ్ళీ రండి. ఆ బొమ్మలు చూడకుండా పోతే మా ఊరు సగమే చూసినట్టు.

వంతెనల సంగతి

ఈ దారిన పోతుంటే నదిమీద వంతెనలు కనిపిస్తాయి. అన్నిటికన్నా పాతది హేవలాకు వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 1897 లో పని మొదలుపెట్టి 1900 లో రైళ్ళు నడిపారు. 56 ఖానాలు. దాదాపు నూరేళ్ళు బరువు మోసి 1997 లో విశ్రాంతి తీసుకుంది. కింద రైళ్ళు, పైన రోడ్డు వున్న వంతెన 1974 లో వచ్చింది. విల్లుల్లా వంగిన కమానులు 28 వున్నదే ఆ తరువాత వచ్చిన కమాను వంతెన. సాయంత్రపు బొమ్మల్లో మీరు చూసేది అదే. 2015 లో కొవ్వూరికి మరో రోడ్డు వంతెన కూడా వచ్చింది.

"రోడ్డు వంతెన మీదనుంచి పరుగెత్తితే ఎలా వుంటుంది మావయ్యా?" అని మా వాడు అడిగాడు. చూడటానికి బాగానే వుంటుంది. రోడ్డు భాగం నాలుగు కిలోమీటర్ల పైమాట. ఒకవైపు నది, ఇంకోవైపు నది. కాని లారీలు, బస్సులు మనిషిని ఆనుకుని పోతుంటాయి. కాలిదారి ఇరుకు. పక్కన లారీ పోతే గుండె ఒక క్షణం ఆగుతుంది. గుండె బాగుండాలని కదా ఈ పరుగంతా! అంచేత ఆ వంతెనను బస్సులో దాటండి.

పాత హేవలాకు వంతెనను నడకదారిగా చెయ్యాలన్న మాట మాత్రం ఏళ్ళ తరబడి వింటున్నాం. 2025 లో అఖండ గోదావరి అనే పేరుతో పనులకు శంకుస్థాపన చేశారు. అందులో ఈ వంతెనకూ చోటు వుంది. రైలు బరువు మోసిన ఇనుముమీద మనుషులు తీరుబడిగా నడిచే రోజు వస్తే, ఇటువంటి దారి దేశంలో ఎక్కువ ఊళ్ళకు వుండదు. అనుమతి లేకుండా మాత్రం ఎవరూ దానిమీదికి ఎక్కవద్దు.

రెండు: ఆనకట్ట

ఊరికి దక్షిణంగా పోతే ధవళేశ్వరం. కొండమీద జనార్దనస్వామి, కింద కాటను దొర. 1833 కరువులో ఈ సీమలో జనం లెక్కలేకుండా పోయారు. నది పక్కనే పారుతూ వుంటే పొలాలు ఎండిపోయాయి. ఆర్థర్ కాటన్ 1847 లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 కల్లా ముగించాడు. వీణెం వీరన్నగారు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. ఆ పాత ఆనకట్ట చోట 1970 తరువాత కట్టిన కొత్త బ్యారేజీకి కాటను పేరే పెట్టారు. ఆయన సామాను, నమూనాలు వున్న మ్యూజియం కూడా ఇక్కడే వుంది.

బ్యారేజీ ఒకటే గోడ కాదు, నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్యమధ్య లంకలు. నాలుగూ కలిపి మూడున్నర కిలోమీటర్ల పైన, తలుపులు 175. ఇక్కడే గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. మూడు డెల్టాల కాలవలూ ఇక్కడే మొదలవుతాయి. పది లక్షల ఎకరాలకు అన్నం ఇక్కడినుంచే పోతుంది.

ధవళేశ్వరం వైపునుంచి బయలుదేరితే కుడిచేతివైపు నిండుగా నిలిచిన నీళ్ళు, ఎడమచేతివైపు వేసంగిలో ఇసుక తిన్నెలు. పోయేటప్పుడు పొద్దు వీపున వుంటుంది, వచ్చేటప్పుడు సరిగ్గా కళ్ళలో పడుతుంది. అంచేత చీకటి విడుతుండగా బయలుదేరి, ఎండ ఎక్కకముందే తిరిగి రావాలి. దారిలో బళ్ళు తిరుగుతాయి గనుక ఎదురుగా వచ్చే బండి కనపడేలా కుడిపక్కన పరుగెత్తాలి. మొదటి ముక్క దాటి పిచ్చుకలంక దాకా పోయివస్తే కొత్తవాళ్ళకు చాలు. ఓపిక వున్నవాళ్ళు ర్యాలి ముక్క కూడా దాటి బొబ్బర్లంక చేరవచ్చు. కాని ఒక హెచ్చరిక: అక్కణ్ణించి ఆత్రేయపురం ఎంతో దూరం లేదు. పూతరేకుల ఊరు! మా వాడు కరిగించిన కొవ్వంతా అక్కడ నాలుగు రేకులతో తిరిగి సంపాదించుకున్నాడు. నేను పక్కన నిలబడి వాసన మాత్రం చూశాను.

మూడు: కాలవ గట్టు

ధవళేశ్వరంనుంచి తూర్పు డెల్టా కాలవ వెంట కడియంవైపు పోయే దారి నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒకపక్క కాలవ, ఇంకోపక్క కొబ్బరిచెట్లు, అరటితోటలు, ఆ తరువాత మైళ్ళ పొడుగునా నర్సరీలు. దేశంలో ఎక్కడెక్కడి తోటలకో ఇక్కడినుంచి మొక్కలు లారీలెక్కిపోతాయి. వేకువను నీళ్ళు చల్లే వేళ ఆ పక్కనుంచి పోతే మట్టివాసన, కనకాంబరాల రంగు, గులాబీల వాసన అన్నీ ఒక్కసారి తగులుతాయి.

ఈ గట్లమీద పరుగు కొత్తదేమీ కాదు. కాటను కాలవలు పొలాలకే కాదు, ప్రయాణాలకూ దారులే. బస్సులు రాకముందు జనం పడవల్లోనే ఊళ్ళకు పోయేవారు. గాలి లేనప్పుడు పడవవాళ్ళు గట్టుమీద దిగి, తాడు భుజాన వేసుకుని లాగుకుంటూ పోయేవారు. తపాలా సంచి భుజాన వేసుకుని ఊరునుంచి ఊరికి పరుగెత్తే ఉద్యోగులకు 'రన్నర్లు' అనే పేరు. వాళ్ళెవరూ ఒంటి బరువు తగ్గటానికి పరుగెత్తలేదు.

ఇప్పటికీ ఆ గట్టుమీద అలాంటి పరుగు వుంది. ఒకనాటి వేకువ మా వాడు ముందు, నేను వెనక పోతుండగా, ఒక అమ్మాయి ఎదురుగా పరుగెత్తి వస్తూ కనిపించింది. కాళ్ళకు తెల్ల కేన్వాసు బూట్లు, జడ మెడచుట్టూ చుట్టి పిన్ను పెట్టుకున్నది. ఆమె వెనకే ఒకాయన సైకిలు తొక్కుతూ వస్తున్నాడు. నేను ఏమిటా అని నిలబడ్డాను. ఆయన సైకిలు దిగి, "మా అమ్మాయండి. పోలీసు కానిస్టేబులు పరీక్షండి. వారంలో పరుగండి" అన్నాడు.

ఆ పరీక్షలో 1600 మీటర్ల పరుగు వుంది. మగపిల్లలకు ఎనిమిది నిమిషాలు, ఆడపిల్లలకు పదిన్నర నిమిషాలు. అది దాటితేనే ఆ తరువాతి రాతపరీక్ష. ఈ పల్లెల్లో మైదానం ఎక్కడిది? వున్న నేలంతా వరిచేను. అంచేత సైకిలు చక్రానికి సుద్దగీత పెట్టి, ఏడువందల పైచిలుకు చుట్లు లెక్కపెట్టి, గట్టుమీద దూరం కొలుచుకున్నాడు ఆయన. మొదట ఒక తాటిచెట్టు, చివర ఒక తూము. "తమరు తూము దగ్గర నిలబడి టైము చూస్తారాండి? నేను సైకిలు తొక్కుతూ చూస్తే తప్పుతోందండి" అని అడిగాడు.

నేను తూము దగ్గర నిలబడ్డాను. పది నిమిషాల నలభై సెకన్లు. పది సెకన్లు ఎక్కువ! ఆ అమ్మాయి తూముమీద చతికిలబడి ఎవరి మొహమూ చూడలేదు. మా వాడు ఆమెతో పరుగుగురించి నాలుగు మాటలు మాట్లాడాడు. మొదటి సగంలో తొందరపడి ఊపిరి పోగొట్టుకుంటున్నావు, రేపు నా వెనకే ఒకే అదనులో రా అన్నాడు. వాడికి మర్నాడు రైలు. టిక్కెట్టు మార్చుకుని నాలుగు రోజులు వుండిపోయాడు. వేలు పోసి కొన్న బూట్లు ముందు, కేన్వాసు బూట్లు వెనక. నాలుగోనాడు నా గడియారంలో పది నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లు. అంకె చదివి వినిపించాను. తండ్రి ఏమీ అనలేదు. వంగి సైకిలు వెనక చక్రంలో గాలి వుందో లేదో నొక్కి చూసుకున్నాడు.

నెల పోయాక ఆయనే ఆ గట్టుమీద ఎదురై, దూరంనుంచే, "పరుగు దాటేసిందండి! ఇంక రాతపరీక్షండి" అని కేకేశాడు. ఆ సంగతి ఫోనులో చెబితే మా వాడు మాట్లాడకుండా కాసేపు వూరుకున్నాడు. లండనులో కూడా నదివారనే పరుగెత్తాడట గాని, అక్కడ ఎవరి పరుగు ఎందుకో తెలుసుకునే తీరిక వాడికి దొరకలేదట.

నాలుగు: కొవ్వూరు ఒడ్డు

రైలెక్కి వంతెన దాటితే కొవ్వూరు. నదిమీదనుంచి పోయే ఆ ప్రయాణమే ఒక దర్శనం. గోష్పాద క్షేత్రం దగ్గర గట్టు ప్రశాంతంగా వుంటుంది. మా వైపంత జనం వుండరు. వేకువను వచ్చినవాళ్ళకు పొద్దు రాజమహేంద్రవరం మిద్దెల మీదుగా లేచి, నీళ్ళన్నీ దాటుకుంటూ వచ్చి కాళ్ళ దగ్గర పడుతుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చిన కుటుంబాలకు ఇది మంచి చోటు. ఒకరు పరుగెత్తితే మిగతావాళ్ళు మెట్లమీద కూర్చోవచ్చు. పూర్వం నది ఒక జిల్లాకు సరిహద్దు. 2022 లో జిల్లాలు మార్చినప్పుడు కొవ్వూరు కూడా తూర్పు గోదావరిలోకే వచ్చింది. ఇప్పుడు రెండు ఒడ్లూ ఒకే జిల్లా.

కొన్ని జాగ్రత్తలు

మా ఊరి పరుగుకు దసరా తరువాతినుంచి శివరాత్రిదాకా మంచి కాలం. తుపాను వార్త వున్న రోజుల్లో మాత్రం ఇంట్లో వుండండి. సంక్రాంతి రోజుల్లో మంచు కమ్ముతుంది గనుక కొట్టొచ్చినట్టుండే రంగు బట్టలు వేసుకుంటే బళ్ళవాళ్ళకు కనపడతారు. ఏప్రిలు, మే నెలల్లో ఆరున్నర దాటితే పరుగు మానండి. మా ఎండకన్న మా ఉక్క చెడ్డది. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. వెంట నీళ్ళు వుంచుకోండి. తిరిగి వచ్చాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగండి. గుండెజబ్బు, చక్కెర జబ్బు వున్నవాళ్ళు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

జులైనుంచి సెప్టెంబరుదాకా ముందు వరద సంగతి కనుక్కోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 కు రెండోది, 17.75 కు మూడోది. మొదటి హెచ్చరిక అంటే పది లక్షల ఘనపుటడుగుల నీరు ఒక్కొక్క సెకనుకు సముద్రానికి పోతోందన్నమాట. 1986 ఆగస్టులో అది ముప్ఫై అయిదు లక్షలు దాటింది. అటువంటి నదిని చూడటానికి గట్టు ఎక్కవచ్చు గాని, మెట్లు దిగకూడదు.

గట్టు ఎవరిది?

పుష్కరాలు వచ్చినప్పుడల్లా రేవులకు కొత్త మెట్లు, కొత్త దీపాలు వస్తాయి. 2015 జులై 14 న, పుష్కరాల మొదటి ఉదయమే, రేవులో తొక్కిసలాట జరిగి రెండు డజన్లకు పైగా ప్రాణాలు పోయాయి. పన్నెండేళ్ళ లెక్కన మళ్ళీ పుష్కరాలు 2027 లో. అప్పటికి కోట్లమంది సంగతి ఆలోచించవలసినవాళ్ళు ఆలోచిస్తారు, తప్పదు.

కాని మిగిలిన పన్నెండేళ్ళూ ఈ గట్టు వాడుకునేవాళ్ళు కొద్దిమందే: డాక్టరు నడవమన్నవాళ్ళు, ఉద్యోగంకోసం పరుగెత్తేవాళ్ళు, ఇంటిపని మొదలవకముందు అరగంట గాలి పీల్చుకోవాలనుకునే ఆడవాళ్ళు. మా చెల్లెలు ఈ ఊరు వచ్చినప్పుడు నాతో కలిసి నడుస్తుంది. ఒక్కతే చీకటితో బయలుదేరటానికి జంకుతుంది. "దీపం వున్నంత దూరమే నా నడక, అన్నయ్యా" అంటుంది. వీళ్ళకు కావలసింది పెద్ద ఖర్చు కాదు. వరసగా వెలిగే దీపాలు, గోతులు లేని బాట, తలుపున్న మరుగుదొడ్డి, కాలవ గట్టుమీద 1600 మీటర్లకు నాటిన రెండు రాళ్ళు.

మీరు మా ఊరు వస్తే పెట్టెలో బూట్లు వేసుకురండి. ఎదురయ్యే పిల్ల గడియారం చూడమంటే, ఒక్క పది నిమిషాలు ఆగి చూసిపెట్టండి.